ఆగి ఆడేవాళ్ళు, పరిగెత్తి ఆడేవాళ్ళు

అధ్యక్షస్థానంలో కూర్చుని, నేను ఎక్కడ ఎక్కువసేపు మాట్లాడేస్తానో అని ఇప్పటికే ఒకసారి గోడ గడియారం వైపు చూసిన మా సంస్థ యజమానురాలు గారికి, ఈ సంస్థను అట్టల మీద ఆటలు అచ్చువేసే చిన్న ప్రెస్సుగా మొదలుపెట్టి, ఇవాళ ముందు వరసలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్న వారి నాన్నగారికి, నాతో పోట్లాడుతూనే నన్ను ఇన్నేళ్ళు భరించిన సహోద్యోగులకు, నేను చేసే పని ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియకపోయినా నా కోసం మందుల షాపు మూసి వచ్చిన మావారికి, బంధువులకు, మిత్రులకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ మా తమ్ముడికి నమస్కారం. ఒరేయ్, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా, కూర్చోరాదూ? కూర్చోడు. నాకు తెలుసు. (నవ్వులు)

ఇవాళ నేను ఏడవాలని ఇక్కడ చాలామంది ఆశపడుతున్నట్టున్నారు. మావారైతే ముందుజాగ్రత్తగా రెండు జేబుల్లోనూ రుమాళ్ళు పెట్టుకొచ్చారు. వాటి అవసరం పడకపోవచ్చండీ, పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు, ఇంత హుషారుగా నేను ఉద్యోగంలో చేరిన రోజున కూడా లేను.

ఇందాక పైకి వస్తుంటే లిఫ్టులో ఒకమ్మాయి కలిసింది. కొత్తగా చేరినట్టుంది, పాపం నన్ను పలకరించాలనుకుంది. "మేడమ్, వంతుల ఆటల పని అయిపోయిందటగా? అందుకేనా మీరు రిటైరవుతున్నారు?" అంది. (నవ్వులు) నవ్వకండి, ఆ పిల్ల ఎక్కడో తల దించుకుని కూర్చుని ఉంటుంది. "లేదమ్మా, నా వయసు అయిపోయింది, అందుకు" అని చెప్పి లిఫ్టు దిగాను గానీ, ఆ అమ్మాయి అడిగినది తీసిపారేసే ప్రశ్న కాదు. అదే ప్రశ్న మీద ఈ సంస్థలో ఒక ఏడాది అందరం అన్నం మానేసి కొట్టుకున్నంత పని చేశాం. ఆ సంగతి చెప్పి నా మాట ముగిస్తాను. అధ్యక్షురాలు గారూ, మళ్ళీ గడియారం చూడకండి, ఈ కథలో మీరూ ఉన్నారు.

మా పిన్ని లాంటి వాళ్ళ కోసం రెండు ముక్కలు. పిన్నీ, మేం చేసేవి కంప్యూటర్ మీద ఆడే వ్యూహాల ఆటలు. వాటిలో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో నువ్వొక ఎత్తు వేస్తావు, తర్వాత అవతలివాడు వేస్తాడు, నీ వంతు వచ్చినప్పుడు నువ్వు కాఫీ పెట్టుకుని తాగి వచ్చినా ఆట కదలకుండా నీ కోసం కూర్చుంటుంది. ఇది టర్న్ బేస్డ్, మేం వంతుల ఆట అంటాం. రెండోదాంట్లో ఎవరి కోసం ఎవరూ ఆగరు, నువ్వు కళ్ళజోడు తుడుచుకునే లోపల నీ కోట తగలబడిపోతుంది. అది రియల్ టైమ్. దాన్ని మేం పరుగుల ఆట అంటాం. నేను జీవితమంతా మొదటి రకం చేశాను. మా తమ్ముడు జీవితమంతా రెండో రకం చేశాడు. ఒకే ఇంట్లో పుట్టాం, ఒకే సంస్థలో పనిచేశాం, ఇంక మీరే ఊహించుకోండి.

నేను చేసిన ఆటల్లో మీకందరికీ తెలిసింది 'ఉప్పుబాట'. సముద్రం దగ్గర ఉప్పు నింపుకున్న బండ్లు ఎడారి దాటి కొండ మీద పట్నానికి చేరాలి. దారిలో నీళ్ళ బావులుంటాయి, వాటిని కాపాడుకోవాలి. దొంగలుంటారు, వాళ్ళని తప్పించుకోవాలి. అంతే ఆట. మూడు భాగాలు వచ్చాయి. మొదటి భాగానికి దుకాణాల్లో మా పెట్టెలు కంటి ఎత్తులో ఉండేవి. మూడో భాగం నాటికి కిందకి దిగిపోయాయి, వంగి చూస్తే తప్ప కనపడవు. నేనే ఒక షాపులో వంగి చూస్తుంటే, అందులో పనిచేసే కుర్రాడు వచ్చి "ఆంటీ, ఏమైనా పడిపోయిందా?" అని అడిగాడు. "పడిపోయింది నాయనా, నా ఆటే" అన్నాను. (నవ్వులు)

ఆ పరిస్థితుల్లో నాలుగో భాగం గురించి సమావేశం పెట్టారు. ఈ పక్కనున్న గదిలోనే. యజమానురాలు గారు చుట్టూ తిప్పి మాట్లాడే మనిషి కాదు. "నాలుగో ఉప్పుబాట పరుగుల ఆటగా వస్తుంది. మీ తమ్ముడు చేస్తాడు" అన్నారు. నేను ఆవిడ వైపు చూడలేదు. వాడి వైపు చూశాను. వాడు బల్ల మీదున్న పెన్ను మూత తీస్తూ పెడుతూ, "అక్కా, వంతుల ఆటలో ఉత్కంఠ ఎక్కడుంది చెప్పు? ఇవాళ జనానికి ఒకడు ఆడుతుంటే వందమంది చూసి కేకలెయ్యాలి. నీ ఆటలో చూసేవాడికి నిద్రొస్తుంది" అన్నాడు.

వాడు అన్న మాట తప్పని నేను అనను. దాని మీద వాదించుకోవచ్చు. నాకు మండిందెక్కడంటే, దానికి ముందు రోజే వీడు మా ఇంట్లో కూర్చుని టీ తాగాడు, మావారితో మోకాళ్ళ నొప్పుల మందు గురించి గంటసేపు మాట్లాడాడు, ఈ మాట మాత్రం అనలేదు. నిర్ణయం అప్పటికే వాడికి తెలుసు. ఇంట్లో అక్కతో చెప్పాల్సిన మాట ఆఫీసులో అందరి ముందు డిజైనర్‌తో చెప్పాడు. నేను లేచి, "సరేనండీ" అని వచ్చేశాను.

(మంచినీళ్ళు తాగి) పర్లేదు, బాగానే ఉన్నాను.

ఆ తర్వాత చాలా నెలలు మేం మాట్లాడుకోలేదు. ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ సర్" అనేదాన్ని. సొంత తమ్ముడిని! వాడు కుంచించుకుపోయేవాడు. మా మరదలు ఫోన్ చేసి, "వదినా, ఈయన ఇంట్లో గోడలతో మాట్లాడుతున్నారు, మీరైనా ఒక మాట అనండి" అంటే, "నీ మొగుడు చాలా వేగం కదమ్మా, నేను అందుకోలేను" అన్నాను. అంత కటువుగా ఉండేదాన్ని. నా జట్టులో మిగిలింది కొద్దిమంది. వాళ్ళలో ఒకమ్మాయి ఉంది, మీ అందరికీ తెలిసిన అమ్మాయే, ఏది అడిగినా ఒక నిమిషం ఆలోచించి గానీ జవాబు చెప్పదని మేమంతా నిదానం అని పిలుచుకుంటాం. ఆ నిదానం, నేను, ఇంకొందరు కలిసి, ఎవరూ చెయ్యమనకపోయినా, నాలుగో భాగాన్ని వంతుల ఆటగా కూడా చేయడం మొదలుపెట్టాం. యజమానురాలు గారికి తెలుసు. తెలిసీ ఊరుకున్నారు. చివరికి పిలిచి, "పెద్ద ఆటల ప్రదర్శన వస్తోంది. రెండూ పెడదాం, రెండు బల్లల మీద. మీ బల్ల దగ్గర మనుషులు నిలబడితే మీ జట్టు ఉంటుంది. నిలబడకపోతే అందరినీ అటువైపు పంపేస్తాను" అన్నారు. అవునా కాదా అండీ? చూశారా, తల ఊపుతున్నారు.

ప్రదర్శన రోజు పొద్దున్న మా తమ్ముడి బల్ల దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. అరుపులు, ఈలలు, ఒకడి భుజాల మీద ఇంకొకడు. ఒక లైబ్రేరియన్ అట, బంగారంలాంటి మనిషి, కీబోర్డు మీద పడిపోయి "పట్టండి వెధవల్ని, పట్టండి!" అని గొంతు చించుకుంటున్నాడు. మా బల్ల దగ్గర నిదానం చేతులు కట్టుకుని నిలబడింది. వచ్చినవాళ్ళు మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటే, బాత్రూమ్ ఎటు అని.

అప్పుడొక మనిషి వచ్చాడు. ఒంటి మీద అంబులెన్సు వాళ్ళ యూనిఫాం. అంత జనం వచ్చేచోట ఒక అంబులెన్సును బయట నిలబెడతారు కదా, దాని డ్రైవరు. టీ విరామంలో లోపలికొచ్చి రెండు బల్లలూ చూసి, మా ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

"అటు సందడిగా ఉంది కదండీ, ఇటొచ్చారేం?" అన్నాను. ఉండబట్టలేక.

ఆయన తలెత్తకుండా, "అమ్మా, నా ఉద్యోగమంతా రియల్ టైమే. ఇంక ఆటలో కూడా పరిగెత్తమంటారా నన్ను?" అన్నాడు.

(నవ్వులు, చప్పట్లు) నేనూ అప్పుడు ఇలాగే నవ్వాను. నవ్వి, అటువైపు గొంతు చించుకుంటున్న లైబ్రేరియన్ని చూశాను. రోజంతా నిశ్శబ్దంగా ఉండమని జనానికి చెప్పే మనిషి అక్కడ, రోజంతా సైరన్ మోగించే మనిషి ఇక్కడ. ఏ సర్వేలోనూ నాకు అంత స్పష్టంగా అర్థం కాలేదు. మనుషులు తమ రోజులో దొరకనిదాని కోసం ఆటలోకి వస్తారు.

ఆయన బాగా ఆడుతున్నాడు. దొంగలు రెండు వైపుల నుంచీ వచ్చేశారు, తూర్పు బావి కాపాడుకుంటే బండ్లు ఆలస్యమవుతాయి, బండ్లు తోలుకుపోతే బావి పోతుంది. ఆయన వంతు. గడ్డం గోక్కుంటున్నాడు. ఇంతలో భుజం మీద వైర్‌లెస్ మోగింది. కుర్చీ వెనక్కి తోసి, "ఇది ఇలాగే ఉంచండమ్మా, వస్తాను" అంటూనే తలుపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నిదానం నా వైపు చూసింది. "ఉంచుదామా మేడమ్?" అంది. మా దగ్గర ఉన్నది ఒకే పెద్ద తెర, అది ఆపేసి ఉంచితే ఇంకెవరికీ ఆడడానికి ఉండదు. "వస్తానన్నాడు కదా, ఉంచు" అన్నాను. నిదానం ఒక అట్టముక్క మీద 'ఆడుతున్నవారు అంబులెన్సులో వెళ్ళారు. వారి వంతు నడుస్తోంది' అని రాసి తెర పక్కన పెట్టింది.

ఇక చూడండి! దారిన పోయేవాళ్ళు ఆ అట్ట చదివి ఆగడం మొదలుపెట్టారు. చదివి, నవ్వి, తెర వైపు చూసి, "అయితే ఇప్పుడేం చెయ్యాలి ఈయన?" అనుకోవడం మొదలైంది. ఒకావిడ బావి కాపాడుకోవాలంది. వాళ్ళాయన నీ మొహం, బండ్లు ముందు అన్నాడు. ఒక కాలేజీ గుంపు వచ్చి రెండు ముక్కలైంది. ముసలాయనొకరు నిదానం చేతిలో కాగితం తీసుకుని బొమ్మ గీసి మరీ వివరించారు. వెళ్ళి టీ తాగి మళ్ళీ వచ్చి, "వచ్చాడా?" అని అడిగి వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నానికి మా బల్ల చుట్టూ నిలబడడానికి చోటు లేదు. ఆట కదలనే లేదు! తెర మీద ఒక్క బండీ ఇంచు జరగలేదు. జనం మాత్రం మరిగిపోతున్నారు.

ఆ గుంపులోంచి ఒక గొంతు వినపడింది. "తూర్పు బావి వదిలేస్తే చచ్చాడే. తర్వాత నీళ్ళెక్కడివి?"

మా తమ్ముడు. వాడి బల్ల వదిలేసి వచ్చి, మెడలో ఐడీ కార్డు తాడు నములుతూ నిలబడ్డాడు. నన్ను చూసి, "అక్కా, ఆ బావి వదలకూడదు కదా?" అన్నాడు. ఎన్ని నెలల తర్వాతో వాడు నన్ను అక్కా అన్నాడు. "నాకేం తెలుసురా, అది ఆయన వంతు" అన్నాను.

సాయంత్రం ప్రదర్శన మూసేసే వేళకి ఆ డ్రైవరు తిరిగొచ్చాడు. తన ఆట ఆగి ఉంటుందని ఆయనకే నమ్మకం లేదు, ఊరికే తొంగిచూసి పోదామని వచ్చాడట. గుంపును చూసి బెదిరిపోయాడు. ఎవరో, "వచ్చాడొచ్చాడు!" అని అరిచారు. దారిచ్చారు. ఆ ముసలాయన ముందు, "నాయనా, పేషెంటు ఎలా ఉన్నారు?" అని అడిగారు. ఆయన టోపీ తీసి, "బండిలోనే కాన్పు అయిపోయిందండీ. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు" అన్నాడు.

ఆ చప్పట్లు నేను ఏ ఆటకీ వినలేదు. పరుగుల బల్ల దగ్గరివాళ్ళు కూడా ఆట వదిలేసి ఇటు పరిగెత్తుకొచ్చారు, ఏమైందో అని!

ఆయన కూర్చున్నాడు. "ఏం చెయ్యమంటారు?" అని వెనక్కి తిరిగి అడిగాడు. అంతే, ముప్పై గొంతులు. ఆయన అందరి మాటలూ విని, మా తమ్ముడి మాట తీసుకున్నాడు. బావి దగ్గర కాపలా పెట్టాడు, ఒక బండి పోగొట్టుకున్నాడు, జనం "అయ్యో!" అన్నారు. తర్వాత దొంగల వంతు. మా తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. ఉత్కంఠ ఎక్కడుంది అని అడిగిన మనిషి! కళ్ళు మూసుకుని, "ఎటు వెళ్ళారు? ఎటు వెళ్ళారే?" అని నా చెయ్యి పట్టుకుని నలిపేస్తున్నాడు. పడమటికి వెళ్ళారు. చివరి బండి, వెనకాలే దొంగలు తరుముతుండగా, కొండ పట్నం గేటు దాటింది. ఎవరు ఎవర్ని కౌగిలించుకున్నారో తెలియదు. యజమానురాలు గారు ఒక కుర్చీ ఎక్కి నిలబడి ఉన్నారు. మాట పైకి చెప్పకపోయినా, నా జట్టు నిలబడిందని నాకు అక్కడే తెలిసిపోయింది.

మా తమ్ముడు ఇంకా నా చెయ్యి వదల్లేదు. "ఆ సమావేశానికి ముందు రోజు నీకు చెప్దామనే ఇంటికొచ్చానక్కా. నోరు రాలేదు. మోకాళ్ళ మందు గురించి మాట్లాడి వెళ్ళిపోయాను" అన్నాడు. "మోకాళ్ళ నొప్పులు నీకెందుకురా, నీకేం వయసని?" అన్నాను. ఇద్దరం నవ్వాం, కళ్ళు తుడుచుకున్నాం. "సరే, ఇప్పుడు నా ఆట ఆడు" అని లాక్కెళ్ళి వాడి బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

అంతవరకు వాడి ఆటలు నేను చూశానే గానీ, మనసుపెట్టి ఆడలేదు. మొదలైంది. అయ్యబాబోయ్! నా వేళ్ళు ఎటు పోతున్నాయో నాకు తెలియలేదు, బండ్లు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, నేను బావి దగ్గరికి కాపలా పంపేలోపు బావి లేదు. నిమిషాల్లో సర్వనాశనం. "మళ్ళీ!" అన్నాను. మళ్ళీ నాశనం. "మళ్ళీ పెట్టరా!" చెప్పులు ఎప్పుడు విప్పేశానో తెలియదు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మావారు తలుపు దగ్గరే ఆగిపోయి, ఈ అరుస్తున్న ఆడమనిషి ఎవరా అనుకున్నారట. (నవ్వులు) ఆలోచించడానికి తీరిక లేనప్పుడు మనిషి లోపల ఇంకొకరెవరో ఆడతారండీ. ఆ ఇంకొకామెను నేను అంతకు ముందు కలవలేదు. నాకు భలే నచ్చింది.

ఇక లిఫ్టులో అమ్మాయికి జవాబు. దాచుకోవడానికేం లేదు. మా తమ్ముడి నాలుగో భాగం నా మూడు భాగాల కంటే ఎక్కువ ఇళ్ళకి వెళ్ళింది. తర్వాత వచ్చిన నా వంతుల భాగం అందులో కొంతమందికే చేరింది. దుకాణంలో కంటి ఎత్తు అర వాడిదే. ఆ చోటు మేం పోగొట్టుకున్నాం, అది బాధగానే ఉంటుంది, ఇప్పటికీ షాపులో వంగితే నడుము కంటే ముందు మనసు కలుక్కుమంటుంది. కానీ బస్సులో పక్క సీటాయన ఫోన్ చూడండి, డాక్టరు గది బయట కూర్చున్నావిడ ఫోన్ చూడండి. ఒక ఎత్తు వేస్తారు, ఫోను సంచిలో పెడతారు, పిలిస్తే లోపలికెళ్తారు, వచ్చి ఇంకో ఎత్తు వేస్తారు. పెద్ద తెర మీద పోయినవాళ్ళం చిన్న తెరల మీదికి చేరాం. తమను తొందరపెట్టని ఒక్కటైనా చేతిలో ఉండాలని కోరుకునేవాళ్ళు ఉన్నంతకాలం, మా వాళ్ళకి పని ఉంటుంది. గుండె దడదడలాడాలని కోరుకునేవాళ్ళు ఉన్నంతకాలం మా తమ్ముడికీ పని ఉంటుంది. ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటారని చెప్పడానికి మీ ముందు నేనే నిలబడ్డాను.

ఇంకొక్క మాట. నా తర్వాత నా కుర్చీలో నిదానం కూర్చుంటోంది. (చప్పట్లు) లేచి నిలబడమ్మా. ఆ, ఆలోచిస్తోంది. లేస్తుంది, లేస్తుంది. (నవ్వులు) ఐదో ఉప్పుబాట ఈవిడా మా తమ్ముడూ కలిసి చేస్తున్నారు. అది ఆగే ఆటా, పరిగెత్తే ఆటా, రెండూ కానిదేదైనానా, నాకు తెలియదు. నిన్న యజమానురాలు గారు ప్రేమ కొద్దీ నా గదికి వచ్చి, "చెప్పేయమంటారా?" అన్నారు. నేను రెండు చెవులూ మూసుకున్నాను.

ఎందుకంటారా? మొదటి భాగం నుంచీ ప్రతి బావి ఎక్కడుందో నాకు తెలుసు. ప్రతి దొంగ ఏ గుట్ట వెనక దాక్కున్నాడో తెలుసు, నేనే దాచాను కాబట్టి. లక్షల ఇళ్ళలో జనం పెట్టె విప్పి, లోపల ఏముందో అని ఊపిరి బిగబట్టిన ఆ క్షణం నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఐదో భాగం వచ్చిన రోజున నేను అందరిలాగే షాపుకి వెళ్ళి, వరసలో నిలబడి, డబ్బిచ్చి కొనుక్కుంటాను. ఇంటికొచ్చి పెట్టె విప్పుతాను. లోపల ఏముందో నాకు తెలియదు! అర్థమవుతోందా మీకు? నాకు తెలియదు! అది తలుచుకుంటేనే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు.

కాబట్టి ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ విన్నపం, ఎవరూ నోరు జారకండి. మరదలా, మీ ఆయన మా ఇంటికి టీకి వచ్చినప్పుడు నువ్వు పక్కనే ఉండి కాలు తొక్కుతుండు.

నన్ను పనిలో పెట్టుకున్న పెద్దాయనకు, నా మొండితనాన్ని చూసీ చూడనట్టు వదిలేసిన వారి అమ్మాయికి, నా జట్టుకి, నాతో పోటీపడ్డ జట్టుకి, రుమాళ్ళు తెచ్చిన మావారికి, పేరు కూడా అడగడం మరిచిపోయిన ఆ అంబులెన్సు డ్రైవరుకి, ఎక్కడున్నా సరే, నిండు మనసుతో కృతజ్ఞతలు. ఇక నేను మీ ఆటలు కొనుక్కునే మనిషిని. బాగా చెయ్యండి, లేకపోతే షాపుకొచ్చి గొడవ చేస్తాను. సెలవు.